నుదుటి ముడుతలు: శస్త్రవైద్య చరిత్ర



నుదురు మనకు వట్టి యవయవము కాదు. బొట్టు పెట్టుకొనునది నుదుటిమీదనే. విభూతి పూసినను, నామము దిద్దినను అచ్చటనే. పెండ్లినాడు బాసికము కట్టునదియు నుదుటికే. మేలు కలిగినను, కీడు కలిగినను ‘నుదుటి వ్రాత’ యని యూరట చెందుదుము. బ్రహ్మ వ్రాసిన వ్రాత కంటికి కనబడదు గాని, కాలము వ్రాసిన వ్రాత మాత్రము అందఱికిని కనబడును. ఏబది యేండ్లు దాటునప్పటికి నుదుటిపై అడ్డగీతలు లోతెక్కును. బొమల నడుమ నిలువుగీతలు పడును. కనుబొమలు మెల్లగా కన్నులమీదికి జారును.

ఈ గీతలను తుడుచుటకును, జారిన బొమలను పైకెత్తుటకును నేడు పట్టణములందు శస్త్రవైద్యులు కలరు. ఇది ధనికుల వేడుకయని కొందఱు నవ్వుదురు. డబ్బున్నచో ముసలితనమును తరిమివేయవచ్చునని మఱికొందఱు నమ్ముదురు. ఈ రెండును తొందరపాటు మాటలని నా యభిప్రాయము. ఈ విద్య యెచ్చట పుట్టినదో, ఏ యవసరమునకై పెరిగినదో తెలిసికొన్నచో, ఎవరికిది వేడుకయో, ఎవరికిది చికిత్సయో విడమరచి చూడగలము. అందులకై ఆ చరిత్రను క్లుప్తముగా మనవి చేసెదను.

నుదుటి చర్మమునకు శస్త్రవైద్యముతోడి సంబంధము మన దేశముననే మిక్కిలి పూర్వము కలిగినది. తెగిన ముక్కును చెక్కిలి చర్మముతో మరల కట్టు విధానము సుశ్రుత సంహితలో వర్ణింపబడి యున్నది. తరువాతి కాలమున చెక్కిలికి బదులుగా నుదుటి చర్మమును వాడుట యలవాటయ్యెను. ఈ విద్య గ్రంథములలోకంటె పనివాండ్ర చేతులలో నిలిచి, తండ్రినుండి కొడుకునకు సంక్రమించుచు వచ్చెను.

1794వ సంవత్సరము అక్టోబరులో లండను నగరపు ‘జెంటిల్మన్స్ మాగజైను’ అను పత్రికలో నొక లేఖ ప్రకటింపబడెను. కవాస్జీ అను నతడు ఇంగ్లీషు సేనలో ఎడ్లను తోలువాడు. 1792 నాటి యుద్ధమున టిప్పు సుల్తాను సైనికులకు చిక్కగా, అతని ముక్కును, ఒక చేతిని కోసివేసిరని ఆ లేఖలో నున్నది. ఇంచుమించు ఒక యేడాది యతడు ముక్కు లేకయే గడపెను. పిమ్మట పూనా సమీపమున ఇటుకలు చేయు కులమునకు చెందిన యొకడు అతనికి క్రొత్త ముక్కు నమర్చెను. ఇద్దఱు ఇంగ్లీషు వైద్యులు దగ్గఱనుండి ఆ పనిని చూచిరి.

ఆ విధమెట్టిదనగా: మొదట మైనముతో ముక్కు నమూనా చేసి, దానిని పలుచగా చదును చేసి, నుదుటిపై పరచి, చుట్టును గీత గీయుదురు. ఆ గీత వెంబడి చర్మమును ఒలిచి, బొమల నడుమ సన్నని తునకను మాత్రము తెగకుండ నిలుపుదురు. ఆ తునక ద్వారా రక్తము ప్రవహించుచుండును గనుక చర్మము చావదు. దానిని మెలిత్రిప్పి క్రిందికి దింపి, తెగిన ముక్కు అంచులకు చేర్చుదురు. అంటించుటకు వాడినది తాంబూలములో మనమెఱిగిన కాచే. కాచును నీటితో మెత్తజేసి, గుడ్డపీలికలపై పూసి, అతుకులమీద పరచిరి. ఇంచుమించు ఇరువదియైదవ నాడు, క్రొత్త ముక్కు నిలదొక్కుకొన్న పిమ్మట, ఆ తునకను కోసిరి.

ఆ లేఖ చదివిన లండను వైద్యులలో జోసెఫ్ కార్ప్యూ అను నతడు శవములపై ఏండ్ల తరబడి సాధన చేసి, 1814లో అదే పద్ధతిని ఒక రోగికి ప్రయోగించి జయము పొందెను. 1816లో దానినిగూర్చి గ్రంథము ప్రకటించెను. అటుపై ఐరోపా యంతటను ఈ పని ‘భారతీయ పద్ధతి’ యను పేర వ్యాపించెను. నేటికిని ముక్కు పోయినవారికి నుదుటి చర్మమునే తెచ్చి కట్టుచున్నారు. నేటి శస్త్రవైద్యమున నుదురు మొదట దాతగా ప్రవేశించినదని దీనివలన తెలియుచున్నది.

ఇచ్చట నొక మాట. ఈ విద్యకు ‘ప్లాస్టిక్ సర్జరీ’ యని పేరు. దానిని విని, ముఖములో ప్లాస్టిక్ వస్తువు పెట్టుదురని భ్రమపడువారు కలరు. గ్రీకు భాషలో ఆ పదమునకు ‘రూపు దిద్దుట’ యని యర్థము. కుమ్మరి మట్టికి రూపిచ్చునట్లు వైద్యుడు మాంసచర్మములకు రూపిచ్చుననియే భావము. మనము నేడు వాడు ప్లాస్టిక్ వస్తువులు పుట్టక పూర్వమే ఈ పేరు పుట్టినది.

కాని ముక్కు పోయినవాడు నొప్పికి వెఱవడు. ముడుతలకొఱకు కత్తికి తల యొగ్గువాడెవడు? ఆ ధైర్యము కలుగుటకు రెండు మార్పులు రావలసి యుండెను. 1846లో అమెరికాలోని బోస్టను నగరమున మోర్టను అను నతడు ఈథరు పీల్పించి రోగికి నొప్పి తెలియకుండ శస్త్రచికిత్స జరుగునని బహిరంగముగా నిరూపించెను. 1867లో లిస్టరు అను వైద్యుడు కార్బాలికామ్లముతో గాయములను చీము పట్టకుండ కాపాడు విధమును ప్రకటించెను. నొప్పియు, చీమును అదుపునకు వచ్చిన పిదపనే ప్రాణావసరము లేని చికిత్సలను గూర్చి జనులు తలపెట్టిరి.

ముందుగా ముడుత యేల పడునో చూతము. నుదుటి చర్మము క్రింద పలుచని వెడల్పాటి కండరము కలదు. అది ముడుచుకొన్నప్పుడు కనుబొమలు పైకి లేచును, నుదుటిపై అడ్డగీతలు పడును. బొమల నడుమనున్న చిన్న కండరములు బొమలను క్రిందికిని లోపలికిని లాగును. వానివలన కలుగునవి నిలువుగీతలు. వయస్సు మీరినకొలది చర్మము సాగుడు గుణమును కోల్పోయి, బొమ జారును. నుదుటి కండరము బొమ తోకవఱకు వ్యాపింపదు గనుక తోకయే ముందుగా జారును. బొమ కంటికి అడ్డు వచ్చినప్పుడు, చూపు నిలుపుటకై నుదుటి కండరము పగలంతయు దానిని పైకెత్తి పట్టుకొనుచుండును. కావున కొందఱు వృద్ధుల నుదుటి గీతలు చింతవలన కలిగినవి కావు. చూపు కొఱకు ఆ కండరము చేయు నిరంతర శ్రమకు గుర్తులు. ఈ విషయమును దయచేసి గుర్తుంచుకొనుడు.

ఇరువదవ శతాబ్దారంభమున ముడుతలపై జరిగిన ప్రయత్నములు కొన్ని భయంకరములు. వియన్నా నగరమున గెర్సుని అను వైద్యుడు 1900 ప్రాంతమున కరగిన పారఫిన్ మైనమును చర్మము క్రింద సూదితో నెక్కించు పద్ధతిని ప్రచారము చేసెను. గుంటలు పూడినవి, ముఖములు నునుపెక్కినవి. కొంతకాలమునకు ఆ మైనము ఒకచోటనుండి మఱియొకచోటికి జరుగుట, గడ్డలు కట్టుట, పుండ్లు పడుట సంభవించెను. కొందఱికి రక్తనాళములలో చేరి చూపు పోయెను. వైద్యులు దానిని విడిచిపెట్టుటకు చాల యేండ్లు పట్టెను. త్వరగా సుందరులను చేయుదుమను మాట వినబడినప్పుడెల్ల ఈ కథ తలచుకొనదగినది.

1907లో షికాగో నగరమున చార్లెసు మిల్లరు అను వైద్యుడు, ముడుతకు మూలము కండరమే గనుక చర్మము క్రిందనే ఆ కండరమును కోయవచ్చునని వ్రాసెను. 1919లో పారిసు నగరమున పాసో అను వైద్యుడు, జుట్టు మొదలగు చోట చర్మమును కొద్దికొద్దిగా కోసి కుట్టి, నుదుటిని బిగించు విధమును ప్రకటించెను. ఆ పారిసులోనే సుజాన్ నోయెల్ అను వైద్యురాలు (1878–1954) ఇట్టి చికిత్సలు చేయుచు 1926లో నొక గ్రంథము వ్రాసెను. ముఖ సౌందర్య చికిత్సకు సంఘములో గల ప్రయోజనమే ఆ గ్రంథ విషయము. తన కడకు వచ్చు స్త్రీలలో పెక్కండ్రు విలాసినులు కారనియు, ముఖమున వయస్సు కనబడిన మాత్రమున కొలువునుండి తొలగింపబడుదురను భయముతో వచ్చినవారనియు ఆమె గమనించెను. కూటికొఱకు ముడుతలు దాచుకొనవలసి వచ్చిన స్త్రీని చూచి నవ్వుట తగునా? నవ్వదగినది వయస్సునకు విలువనీయని యా కొలువునుగాని ఆ స్త్రీని కాదు.

మొదటి మహాయుద్ధము ఈ విద్యను మఱియొక మెట్టెక్కించెను. తుపాకి గుండ్లకు ముఖములు చెదరిన సైనికులకొఱకు 1917లో ఇంగ్లండునందలి సిడ్‌కప్ అను చోట ప్రత్యేకముగా నొక ఆసుపత్రి వెలసెను. న్యూజీలాండు దేశమున పుట్టిన హెరాల్డు గిల్లీసు అచ్చట ప్రధాన వైద్యుడు. అచ్చట అయిదువేలకు పైగా సైనికులకు చికిత్స జరిగెను. ముఖచర్మము నెంతవఱకు లాగవచ్చునో, ఏ రక్తనాళమును కాపాడవలెనో వైద్యులు క్షతగాత్రుల మంచములకడనే నేర్చిరి. నేటి సౌందర్య చికిత్సకు మూలధనము ఆ సైనికుల బాధయే.

తొలి పద్ధతులలో చర్మమును మాత్రమే కోసిరి. లోని కండరము యథాప్రకారము ముడుచుకొనుచుండుటచే గీతలు మరల వచ్చెడివి. 1962లో మెక్సికో దేశీయుడగు గొన్జాలెజ్ ఉయోవా, ఒక చెవి మీదినుండి రెండవ చెవి మీదివఱకు జుట్టులోపల కోసి, నుదుటినంతయు పైకి లాగి కుట్టు పద్ధతిని ప్రకటించెను. ఫలము బలముగా నుండెను గాని, నడినెత్తి తిమ్మిరి పట్టుట, జుట్టు మొదలు వెనుకకు జరుగుట మొదలగు లోపములుండెను. బట్టతలవారికిని, తిరుపతిలో తలనీలాలు సమర్పించువారికిని ఆ మచ్చ దాచుట సాధ్యము కాదు. 1990 తరువాత, జుట్టులో మూడునుండి అయిదు చిన్న గాట్లు పెట్టి, వానిగుండ సన్నని గొట్టమునకు అమర్చిన కెమేరాను పంపి, లోపల చూచుచు బొమను పైకెత్తు పద్ధతి వచ్చెను. ఇవి గాక, బొమకు సరిగా మీదనే కొంత చర్మమును తీసి కుట్టు చిన్న చికిత్సయు కలదు. మచ్చ కొంత కనబడినను, లోతైన గీతలుగల వృద్ధులకు అది గీతలలో కలిసిపోవును. ఆ చోటు మాత్రము మొద్దుబార్చి చేయవచ్చును.

ఇక సూదిమందు కథ వింతైనది. 1817 మొదలు జర్మనీ దేశమున కెర్నరు అను వైద్యుడు, చెడిన మాంసపు వంటకములు తిని చచ్చినవారిని పరీక్షించి, ఒక విషము కండరములను చచ్చుబడ జేయుచున్నదని వ్రాసెను. 1895లో బెల్జియము దేశపు టొక గ్రామమున చావుభోజనమున చెడిన పందిమాంసము తిని ముగ్గురు మరణింపగా, వాన్ ఎర్మెంగెం అను శాస్త్రజ్ఞుడు ఆ విషమును పుట్టించు సూక్ష్మజీవిని పట్టుకొనెను. సాన్‌ఫ్రాన్సిస్కో నగరపు నేత్రవైద్యుడు అలాన్ స్కాటు ఆ విషమునే అత్యల్పముగా వాడి మెల్లకన్నును సరిచేసెను. 1987లో కెనడా దేశపు నేత్రవైద్యురాలు జీన్ కారుథర్సు కన్నులదురుటకు ఆ మందిచ్చిన యొక రోగి బొమల నడుమ గీతలు తగ్గుట గమనించి, చర్మవైద్యుడగు భర్తతో కలిసి పరిశోధించి, 1992లో ప్రకటించెను. 2002లో అమెరికా ప్రభుత్వ సంస్థ ఆ వాడుక నంగీకరించెను. అదియే బొటాక్సు. మిల్లరు కత్తితో చేయదలచినది ఇది సూదితో చేయును. కాని మూడు నాలుగు నెలలకు దాని శక్తి తీరిపోవును.

ఇప్పుడు నేను గుర్తుంచుకొనుడన్న మాటకు రండు. జారిన బొమను నుదుటి కండరము మోయుచుండగా, గీతలు పోగొట్టుటకని ఆ కండరమునే చచ్చుబడ జేసినచో నేమగును? దూలము క్రింది స్తంభమును తీసినట్లగును. బొమ మఱింత జారి చూపునకు అడ్డు వచ్చును. కావున గీత కనబడగానే సూది వేయువాడు వైద్యుడు కాడు. గీత యేల వచ్చినదో అడుగువాడు వైద్యుడు.

మన గ్రామములందు చూపు తగ్గిన వృద్ధుడు ‘శుక్లము’ అనియో, ‘వయస్సు’ అనియో యూరకుండును. ఒక చిన్న పరీక్ష చేయుడు. అద్దము ముందు నుదుటిని సడలించి కూర్చుండి, వ్రేలితో బొమను పైకెత్తి పట్టుకొనుడు. పైవైపు చూపు వెంటనే విశాలమైనచో, దోషము కొంత బొమయందో రెప్పయందో యున్నదని సందేహింపవచ్చును. అప్పుడు ముందుగా నేత్రవైద్యుని చూడవలెను. అట్టివారికి బొమనెత్తించుకొనుట సోకు కాదు; గుడ్డిదీపమునకు వత్తి యెగదోయుట వంటిది. మఱియొకటి: నుదుటి గీతలు ఒక ప్రక్క మాత్రమే హఠాత్తుగా మాయమై, ఆ కన్ను మూతపడకున్నచో, అది యౌవనము తిరిగివచ్చుట కాదు, ముఖనాడికి వచ్చిన జబ్బు. ఆలసింపక ఆసుపత్రికి పోవలెను.

ఏ బాధయు లేక ముడుతలు మాత్రమే కలవారికి నేను చెప్పదగినది స్వల్పము. కావలయునన్నవారిని నిందింపను, వారి కారణములు వారికి కలవు. కాని ఇందు శిక్షణ పొందినట్టియు, వైద్యమండలియందు పేరు నమోదైనట్టియు వైద్యునికడకే పొండు. ఏమి యెక్కించుచున్నాడో, ఎంతకాలము నిలుచునో, ఏమి చెడవచ్చునో అడిగి తెలిసికొనుడు. పారఫిన్ కథను మఱవకుడు. వద్దన్నవారు సిగ్గుపడ నక్కఱలేదు. ఎండలో దున్ని, వానలో నాటి, బిడ్డల రాకకై చేయడ్డము పెట్టి దారి చూచిన నుదురది. ఆ గీతలు చెఱపవలెనా యుంచవలెనా యన్నది ఆ నుదురు గలవారే తేల్చుకొనవలసిన విషయము. చూపునకు అడ్డు వచ్చిన బొమను మాత్రము నుదుటి వ్రాత యని యూరకుండవలదు. దానికి చికిత్స కలదు.