ఈజిప్టు పల్లెల్లో రోమన్ల జమాబందీ

రోమన్ సామ్రాజ్యం అనగానే సీజర్లు, సైన్యాలు, రథాల పందేలు గుర్తుకొస్తాయి. శిస్తు ఎవరు వసూలు చేశారు, లెక్క ఎవరు రాశారు, బకాయి పడితే అది ఎవరి మెడకు చుట్టుకుంది అన్న సంగతులు పాఠ్యపుస్తకాల్లో కనబడవు. ఫైళ్ల మధ్య జీవితం గడిపిన మన సభ్యులకు ఆసక్తి కలిగించేవి మాత్రం అవే. రోమన్ల ఏలుబడిలోని రాష్ట్రాలన్నిటిలో వాటి వివరం ఎక్కువగా దొరికేది ఈజిప్టులో. వాన ఎరుగని అక్కడి ఇసుకలో పపైరస్ కాగితాలు రెండువేల ఏళ్లు చెడకుండా ఉన్నాయి. 1896-97లో గ్రెన్‌ఫెల్, హంట్ అనే ఇద్దరు ఇంగ్లీషు పండితులు ఆక్సిరింకస్ అనే పట్టణపు చెత్తదిబ్బలు తవ్వటం మొదలుపెట్టారు. అక్కడ ఐదు లక్షల దాకా ముక్కలు బయటపడ్డాయి. కావ్యాల కోసం వెతికితే కావ్యాలూ దొరికాయి గాని, వాటికంటే ఎన్నో రెట్లు రశీదులు, అర్జీలు, కౌలు పత్రాలు, జాబితాలు వచ్చాయి.

క్రీ.పూ. 30లో క్లియోపాత్రా మరణంతో ఈజిప్టు ఆక్టేవియన్ వశమైంది. తరువాత అగస్టస్ చక్రవర్తి అయింది ఈయనే. మిగతా పెద్ద రాష్ట్రాలకు సెనేటర్లను గవర్నర్లుగా పంపే ఆనవాయితీని ఇక్కడ పక్కన పెట్టి, వారికంటే ఒక మెట్టు కిందివాడైన ప్రిఫెక్టును నియమించాడు. అనుమతి లేకుండా సెనేటరు ఆ దేశంలో అడుగు పెట్టకూడదన్నాడు. రోము నగరానికి తిండిగింజలు వచ్చే చోటు ఇంకొకరి చేతిలో పడితే ఏమవుతుందో ఆయనకు బాగా తెలుసు. ప్రిఫెక్టు కింద జిల్లాకొక స్ట్రాటెగస్. ఆ మాటకు సేనాపతి అని అర్థం, కాని సైన్యంతో పనిలేదు, మన కలెక్టరు లాంటివాడు. అతని పక్కన ‘రాజలేఖరి’. రాజులు పోయి రెండు వందల ఏళ్లయినా ఆ హోదా పేరు మారలేదు! అన్నిటికీ అడుగున గ్రామ లేఖరి.

రాబడికి ఆధారం నైలు నది. వరద పన్నెండు మూరలైతే కరువు, పదహారైతే పండుగ అని ప్లినీ రాశాడు. నీరెక్కిన భూమికి ఏటా ధాన్యం శిస్తు, మగవాళ్లకు తలపన్ను. తలపన్ను కోసం పద్నాలుగేళ్లకొకసారి ఇంటింటి జనాభా లెక్క తీసేవారు. ఇంట్లో ఎవరెవరున్నారు, వయసెంత, ఒంటి మీద మచ్చలెక్కడ అని ఇంటి యజమాని రాసివ్వాలి. మన సర్వీసు రిజిస్టరులో పుట్టుమచ్చలు రాసుకున్నట్టే. క్రీ.శ. 104లో ప్రిఫెక్టు విబియస్ మాక్సిమస్ ఊరు విడిచినవారందరూ లెక్కల కోసం సొంత ఇళ్లకు తిరిగి రావాలని ఉత్తర్వు ఇచ్చాడు. పద్నాలుగో ఏట మొదలైన తలపన్ను అరవై దాటాక గాని వదలదు. ఫయూం పల్లెల్లో అది ఏడాదికి 40 ద్రాక్మాలు, అంటే ఒక కూలీకి నెల పైబడిన కూలి. అదే జిల్లా కేంద్రంలోని గ్రీకు వంశీకులకు 20. రోమన్ పౌరులకు, అలెగ్జాండ్రియా పౌరులకు అసలు లేదు. బీదవాడి మీద ఎక్కువ, ఉన్నవాడి మీద తక్కువ!

ఎర్రసముద్రం మీదుగా వచ్చే సరుకు మీద నాలుగో వంతు సుంకం మరో పెద్ద రాబడి. కేరళ తీరంలోని ముజిరిస్ నుంచి వెళ్లిన ‘హెర్మపొల్లన్’ అనే ఓడ సరుకు లెక్క ఒక పపైరస్ మీద ఉంది. ఈజిప్టు వర్తకుడొకడు రాసిన ‘పెరిప్లస్’లో మసాలియా సన్నబట్టల ప్రస్తావన ఉంది. అది మన కృష్ణా డెల్టా ప్రాంతమని పండితుల అభిప్రాయం.

ఇక వసూలు సంగతి. నీరో కాలంలో, ఫిలడెల్ఫియాతో సహా ఆరు గ్రామాల పన్ను వసూలుదార్లు ప్రిఫెక్టు బల్బిల్లస్‌కు ఒక అర్జీ పెట్టుకున్నారు. కొందరు ఇచ్చుకోలేక పారిపోయారు, కొందరు వారసులు లేకుండా చనిపోయారు, ఊళ్లు ఖాళీ అయ్యాయి, ఇక ఈ వసూలు మా వల్ల కాదని దాని సారాంశం. జాబితాలో పేరు ఉంటుంది, మనిషి ఉండడు. ఆ మొత్తానికి వసూలుదారు జవాబు చెప్పుకోవాలి. తన సర్వీసులో ఏనాడైనా బకాయిల పట్టిక చేత్తో పట్టుకు తిరిగినవారికి ఆ అర్జీలోని గోడు వేరే వివరించనక్కరలేదు.

పైవారికి ఇది తెలియదని కాదు. క్రీ.శ. 68 జూలైలో ప్రిఫెక్టు టైబీరియస్ జూలియస్ అలెగ్జాండర్ పెద్ద ఉత్తర్వు ఒకటి జారీ చేశాడు. ఖర్గా ఒయాసిస్సులోని హిబిస్ గుడి ద్వారం మీద చెక్కించారు గనుక అది నేటికీ మిగిలింది. ఇష్టం లేనివారికి పన్నుల గుత్తలు బలవంతాన అంటగట్టకూడదు. ఒక అధికారి విచారించి కొట్టేసిన కేసును ఆయన బదిలీ కాగానే తరువాతి అధికారి ముందు మళ్లీ పెట్టకూడదు. జిల్లా లెక్కల అధికారులు లేని పన్నులు రాసి సొమ్ము చేసుకుంటున్నారన్న ఫిర్యాదుల మీద కూడా అందులో కట్టడి ఉంది. ఆయన అలెగ్జాండ్రియాలో పుట్టి పెరిగినవాడు, ఆ దేశంలోనే కింది పదవి కూడా చేసినవాడు. ఉత్తర్వులో ఆ అనుభవం కనబడుతుంది. కాని అలాంటి ఉత్తర్వులు తరువాతా రావలసి వచ్చిందంటే మొదటిది ఎంత అమలైందో ఊహించుకోవచ్చు.

రెండో శతాబ్దానికి ప్రభుత్వం తేలికైన దారి కనిపెట్టింది. ఆస్తి ఉన్నవాడి పేరు రాసి పదవిలో కూర్చోబెట్టడం. నిర్బంధ సేవ అన్నమాట. లోటు వస్తే అతని ఆస్తి పూచీ. చదువు వచ్చునా అని అడిగినవారు లేరు. క్రీ.శ. 184 ప్రాంతంలో టోలెమైస్ హోర్మూ గ్రామ లేఖరిగా ఉన్న పెటౌస్ కాగితాలు దొరికాయి. అతనికి రాయటం రాదు. ‘గ్రామ లేఖరి పెటౌస్, సమర్పించాను’ అన్న వాక్యాన్ని ఒక కాగితం మీద పన్నెండుసార్లు దిద్దుకున్నాడు. నడుమ ఒక పంక్తిలో ఒక అక్షరం జారిపోయింది. అక్కడినుంచి చివరిదాకా ఆ తప్పునే దిద్దాడు, ఎందుకంటే అతను పైపంక్తిని బొమ్మలా చూసి గీస్తున్నాడు. విచిత్రమేమంటే, పక్క గ్రామమైన తమైస్ లేఖరి ఇస్కిరియన్ నిరక్షరాస్యుడని ఫిర్యాదు వస్తే జవాబు ఇవ్వవలసింది పెటౌసే. అతను పంపే కాగితాలన్నిటి మీద సంతకం చేస్తున్నాడు గనుక నిరక్షరాస్యుడు కాడని నివేదిక ఇచ్చాడు. నవ్వు వచ్చే మాట నిజమే. కాని తానుగా కోరుకోని పదవిలో కూర్చుని, ఆస్తి పోకుండా గడువు దాటించాలని రాత్రిపూట సంతకం దిద్దుకునే మనిషిని తలచుకుంటే నవ్వు నిలవదు.

మూడో శతాబ్దారంభంలో సెప్టిమియస్ సెవెరస్ జిల్లా పట్టణాలకు కౌన్సిళ్లు ఇచ్చాడు. గౌరవం పెరిగింది, వసూళ్ల పూచీ కౌన్సిలర్ల నెత్తికెక్కింది. ఆ శతాబ్దం చివరి రోజుల కాగితం ఒకటి ఆక్సిరింకస్‌లో దొరికింది. దేవుణ్ణి సోది అడిగేవారి కోసం ముందే రాసిపెట్టిన ప్రశ్నల పట్టిక అది, వరుస సంఖ్యలతో ఉంది. నాకు రావలసిన జీతం వస్తుందా, దూరదేశంలో ఉన్నవాడు బతికే ఉన్నాడా, నా ఆస్తి వేలానికి పోతుందా, నేను బిచ్చమెత్తుకోవలసి వస్తుందా, పారిపోక తప్పదా. ఆ వరుసలోనే, వాటి పక్కనే ఇంకొక ప్రశ్న కూడా ఉంది: నేను కౌన్సిలర్ని అవుతానా అని.