ముప్పయిరెండు అక్షరాల యంత్రం

మీట నొక్కగానే ముందు ఒక బొంగురు ధ్వని, ఆ వెంటనే సన్నని చిరుధ్వని. రెండూ వరుసగా వినిపిస్తే యంత్రం ఆరోగ్యంగా ఉన్నట్టు. మొదటిదే ఆగకుండా మోగుతుంటే లోపల ఏదో చెడినట్టు. కంప్యూటరు విషయంలో నేను నేర్చిన తొలిపాఠం ఇదే. అక్షరానికంటే ముందు నాదాన్ని నేర్పింది కాబట్టి తెలుగు పండితుడినైన నాకు అది మరీ పరాయిదిగా తోచలేదు.

ఈ టపా చదివే మిత్రులలో చాలామంది ఈ విద్యనే వృత్తిగా చేపట్టినవారు. వారికి ఇందులో సాంకేతికంగా కొత్తదేమీ కనిపించకపోవచ్చు. అయినా నల్లగొండ, మహబూబునగరం జిల్లాలు కలిసే చోట, దేవరకొండ వైపు ఒక ఉన్నత పాఠశాలకు కంప్యూటరు ఎలా వచ్చిందో, ఎలా పోయిందో ఎవరో ఒకరు వ్రాసిపెట్టకపోతే అది లేనట్టే అయిపోతుంది. ఇప్పుడా రెండు జిల్లాలూ ముక్కలై పలు జిల్లాలైనాయి. నేను చెప్పబోయేది అవి ఉమ్మడిగా ఉన్ననాటి మాట.

యంత్రం పేరు బీబీసీ మైక్రో. ఇంగ్లండులోని కేంబ్రిడ్జిలో ఏకార్న్ అనే చిన్న సంస్థ 1981 డిసెంబరులో దీన్ని వెలువరించింది. ప్రజలకు కంప్యూటరు అక్షరాస్యత కలిగించాలని బ్రిటిషు ప్రసారసంస్థ బీబీసీ తలపెట్టి, దూరదర్శన పాఠాలకు తోడుగా ఒక యంత్రం ఉండాలని కోరగా పుట్టినదిది. సోఫీ విల్సన్, స్టీవ్ ఫర్బర్ దీని రూపశిల్పులలో ముఖ్యులు. స్మృతి 32 కిలోబైట్లు. నేడు చరవాణితో తీసే ఒక్క ఫోటోకు ఇది ఏ మూలకూ సరిపోదు. మన దేశంలో 1984-85లో కేంద్ర ప్రభుత్వం 'క్లాస్' అనే పథకాన్ని ఆరంభించి, తొలివిడతగా సుమారు 250 పాఠశాలలకు ఈ యంత్రాలనే పంపింది. తరువాతి విడతలలో ఆ సంఖ్య ఎన్నో రెట్లు పెరిగింది.

తెలుగునేలకు కంప్యూటరు అప్పటికి కొత్త కాదు. 1967లో హైదరాబాదులో స్థాపితమైన ఈసీఐఎల్, ఆ దశకం ముగిసేలోపే టీడీసీ-12 అనే కంప్యూటరును తయారుచేసింది. మా బడినుండి ఆ కార్ఖానా నూరు కిలోమీటర్ల పైచిలుకు. కానీ మా పిల్లలు చూసిన తొలి కంప్యూటరు మాత్రం సముద్రాలు దాటి వచ్చింది.

మా బడికి అది 1987లో చేరింది. శిక్షణ పొందివచ్చిన ఇద్దరు ఉపాధ్యాయులూ ఏడాది తిరగకముందే బదిలీ అయినారు. సైన్సు సారుకు పదోతరగతి ఫలితాల బెంగ. ప్రధానోపాధ్యాయులకు అది పాడైతే ఎవరు జవాబుదారీ అన్న బెంగ. గదికి తాళం పడింది. చివరకు తాళంచెవి నా చేతికెందుకు వచ్చిందంటే, నాకు సాయంత్రాలు ట్యూషన్లు లేవు కనుక. అంతకుమించిన అర్హత ఏదీ లేదు.

యంత్రంతో వచ్చిన గ్రంథం ఆంగ్లంలో అయిదువందల పుటల వరకూ ఉండేది. నిఘంటువు పక్కన పెట్టుకొని కావ్యం చదివినట్టే చదివాను. ఈ యంత్రంలో ఒక సుగుణం ఉంది. మీట నొక్కగానే అది బొమ్మలు చూపదు, ఆటలు ఆడించదు. 'బేసిక్' అని పేరు చెప్పి, ఒక కోణపు గుర్తు చూపి, నీవేమంటావని ఎదురుచూస్తుంది. ఏదో ఒకటి వ్రాయక తప్పదు. అన్నం పెట్టమంటే బియ్యం చేతిలో పెట్టే ఇల్లాలివంటిది. వ్రాసినదాంట్లో తప్పుంటే 'మిస్టేక్' అని, ఎన్నో పంక్తిలో ఉందో కూడా చెబుతుంది. నేను పిల్లల దస్తూరీ పుస్తకాలలో ఎర్రసిరాతో చేసేది అదే పని, కాకపోతే దానికి విసుగు లేదు.

నేను ప్రోగ్రాములు నేర్చినది విద్యాసక్తితో అని చెప్పుకుంటే అబద్ధం. యంత్రాన్ని బ్రతికించుకోవడానికి నేర్చాను. ఒకనాడు ఒక పిల్లవాడు వచ్చి, "సార్, ఎస్ ఒక్కటే వస్తలేదు. అది సచ్చిపోయింది" అన్నాడు. ఎస్ ఒక్కటేనా, ఇంకా ఉన్నాయా? ఒక్కో మీటా నొక్కుతూ తెరమీద అక్షరం వెదకడం విసుగుపని. అప్పుడు నాలుగు పంక్తుల ప్రోగ్రాము వ్రాశాను. మీట నొక్కితే దాని సంఖ్య తెరమీద పడుతుంది, రిటర్ను మీట నొక్కేదాకా అదే పని మళ్ళీ మళ్ళీ జరుగుతుంది. 'రిపీట్', 'అంటిల్' అనే రెండు మాటల మధ్య పనిని కట్టివేయవచ్చునని ఆనాడే తెలిసింది. మూడు మీటలు మూగవని తేలింది. దేవరకొండలో ఒక రేడియో మెకానిక్కు వాటిని విప్పి స్పిరిటుతో తుడిస్తే రెండు పలికాయి. మూడవదాన్ని, ఎవరూ వాడని ఒక మీటనుండి భాగాలు తీసి సరిచేశాడు.

విద్యుత్తు సంగతి వేరే చెప్పాలి. బోరుబావులకు మూడు ఫేజుల కరెంటు వదలగానే ఊళ్ళోని మోటార్లన్నీ ఒక్కసారిగా మొదలై బల్బులు ఎర్రబడేవి. ఒక సాయంత్రం యంత్రం వెనుకనుండి పొగ లేచింది. పిల్లలు బయటికి పరుగు తీశారు. నా ఉద్యోగం కూడా ఆ పొగలోనే పోయిందనుకున్నాను. చూస్తే, కరెంటులోని గోల వడపోసే ఒక చిన్న కెపాసిటరు పగిలింది, అంతే. అది పోయినా యంత్రం యథాప్రకారం రెండు ధ్వనులూ పలికింది. ఈ జాతి యంత్రాలకు అది పుట్టుకతో వచ్చిన జబ్బేనని ప్రపంచమంతటా వీటిని ఉద్ధరించేవారు అంటారని చాలా ఏళ్ళ తరువాత అంతర్జాలంలో చదివి ఊపిరి పీల్చుకున్నాను.

వ్రాసిన ప్రోగ్రాములు క్యాసెట్టుమీద దాచేవాళ్ళం. టేపురికార్డరు శబ్దం కొంచెం హెచ్చినా తగ్గినా యంత్రానికి అర్థమయ్యేది కాదు, టేపు వెనక్కి తిప్పమనేది. పిల్లలు పొరపాటున 'బ్రేక్' మీట నొక్కితే తెర శుభ్రమై, పొద్దంతా వ్రాసింది పోయిందని ఏడ్చేవారు. 'ఓల్డ్' అని మూడక్షరాలు కొడితే అంతా తిరిగి వస్తుందని పుస్తకంలో చదివిన రోజున నాకు తరగతిలో గౌరవం పెరిగింది.

ఇక నాకు నిజంగా ఇష్టమైన భాగానికి వస్తాను. యంత్రం సమస్తాన్నీ సున్న, ఒకటిగా చూస్తుందని చదివినప్పుడు, ఇది గురులఘువుల వ్యవహారమే కదా అనిపించింది. ఛందశ్శాస్త్రంలో ప్రస్తారం, నష్టం, ఉద్దిష్టం అని ప్రక్రియలున్నాయి. పింగళుని సూత్రాలనుండీ వస్తున్నవే. ఎనిమిదక్షరాల పాదం గల అనుష్టుప్ ఛందంలో 256 వృత్తాలు పుడతాయని మేము పరీక్షకు బట్టీపట్టినవాళ్ళం. ఎనిమిది బిట్లు గల బైటుకు 256 రూపాలని గ్రంథంలో కనిపించగానే, పాత చుట్టం ఎదురైనట్టయింది.

ఉద్దిష్టమంటే, వృత్తం ఇస్తే అది ప్రస్తారంలో ఎన్నవదో చెప్పడం. మొదటి అక్షరం కింద 1, రెండవదాని కింద 2, తరువాత 4, 8 ఇలా రెట్టిస్తూ పోవాలి. లఘువుల కింది అంకెలు మాత్రం కూడి, దానికి ఒకటి కలపాలి. ఇంతకంటే స్పష్టంగా ప్రోగ్రాము ఎవరు వ్రాయగలరు! ఉత్పలమాల గణాలు భరనభభరవ, ఇరవై అక్షరాలు. పలకమీద లెక్కవేస్తే గంట పడుతుంది, పైగా తప్పు పోతుంది. ప్రోగ్రాము వ్రాసి నడిపాను. 355798 వచ్చింది. లక్షణగ్రంథాల లెక్క 355799. ఎక్కడ పోయింది ఆ ఒకటి?

నా వెనుక నిలబడి చూస్తున్న తొమ్మిదోతరగతి పిల్లవాడు, "మీరే చెప్పిన్రు గద సార్, ఆఖర్ల ఒకటి కలపాలని. కలుపుడు మరిచిన్రు" అన్నాడు. ఎస్ చచ్చిపోయిందని చెప్పినవాడూ వాడే. అటుపైన క్యాసెట్లకు పేర్లు వ్రాయడం, మీటల పరీక్ష చేయడం వాడికే అప్పగించాను. మరుసటి దసరా సెలవుల తరువాత వాడు రాలేదు. మేస్త్రీ దగ్గర బయానా తీసుకున్న తల్లిదండ్రులతో గుంపులో కలిసి మట్టిపనికి పోయాడని తెలిసింది. పాలమూరు లేబరు అనే మాటకు అర్థం నల్లగొండ సరిహద్దు తండాలలో కూడా అందరికీ తెలుసు. ఆ తరువాత వాడి జాడ నాకు తెలియలేదు.

తెలుగు అక్షరాలను తెరమీద వేయాలన్న ఆశ కూడా ఆ రోజుల్లోనే పుట్టింది. 'వీడీయూ 23' అనే ఆజ్ఞతో మన సొంత అక్షరాన్ని గీయవచ్చు. ఎనిమిది అడ్డవరుసలు, వరుసకు ఎనిమిది గడులు, వరుసకొక సంఖ్య. నేను ఉద్దిష్టం అలవాటు కొద్దీ ఎడమ గడికి 1 పెట్టుకున్నాను. ఇక్కడ ఎడమ గడికి 128. దానితో నా మొదటి 'అ' అద్దంలో చూసినట్టు తిరగబడి పుట్టింది. సరిచేశాను. కానీ ఇట్లా గీసుకోవడానికి మామూలుగా దొరికే స్థానాలు 224 నుండి 255 వరకూ, అంటే ముప్పయిరెండే. మన వర్ణమాలకే చాలవు, ఇక గుణింతాలూ ఒత్తులూ ఎక్కడ! తలకట్టు, గుడి, కొమ్ము విడివిడిగా గీసి అతికించి చూశాను. 'రామ' కుదిరింది. 'లక్ష్మి' కుదరలేదు. క్ష మీద గుడి, కింద ష ఒత్తు, దాని పక్కన మ ఒత్తు. ఎనిమిది గడులలో ఆ తల్లి ఇమడలేదు. ఆకారాన్ని దాచబోతున్నాను, దాచవలసింది ధ్వనిని అని నాకు అప్పుడు తట్టలేదు.

తట్టినవారు వేరే ఉన్నారు. కాన్పూరు ఐఐటీలో మొదలై, పుణెలోని సీ-డాక్ ద్వారా 'జిస్ట్' పేరున వెలువడిన సాంకేతికత భారతీయ లిపులన్నిటికీ ధ్వనినే మూలంగా తీసుకుంది. 1991లో అది 'ఇస్కీ' ప్రమాణమైంది, ఆ యేడే వచ్చిన యూనికోడు తెలుగుకు 128 స్థానాలు కేటాయించింది. తరువాతి ఆర్టీఎస్, పోతన ఖతి, 2006 నాటి లేఖిని కథలు మీకు నాకంటే బాగా తెలుసు. నేను లేఖినిలో మొదట కొట్టిన మాట 'లక్ష్మి'. ఎందుకో ఇప్పుడు మీకు తెలిసింది.

1991లో నాకు బదిలీ అయింది. తాళంచెవి అప్పగించి, మీటల పరీక్ష ప్రోగ్రామును కాగితంమీద వ్రాసి గోడకు అంటించి వచ్చాను. నాలుగేళ్ళకు ఒక పెళ్ళికి ఆ ఊరు వెళ్ళి చూస్తే, యంత్రం స్టోరు గదిలో విరిగిన బల్లల కింద ఉంది. పనికిరాని సామాను జాబితాలో ఎక్కింది. చూసినవాడు ఒక్క కెపాసిటరు మార్చి ఉంటే పలికేదేమో. యంత్రాలు కొనడానికి డబ్బు కేటాయించారు. వాటిని బాగుచేసే చేతులను తయారుచేయడానికి ఆ ఊరిదాకా ఎవరూ రాలేదు. తరువాత 2004 చివరలో మొదలైన మరో కేంద్ర పథకం కింద కొత్త తరం కంప్యూటర్లు బడులకు వచ్చాయి. అవి మీట నొక్కగానే బొమ్మలు చూపేవి. పిల్లలు ఎలుకను కదిలించడం నేర్చుకున్నారు. అది తప్పని అనను, కానీ ఏమి వ్రాయమంటావని అడిగే కోణపు గుర్తు వాటిలో కనబడలేదు.

2018లో పదవీ విరమణ చేశాక రాస్ప్‌బెర్రీ పై అనే అరచేతి పలక ఒకటి కొన్నాను. 2012లో కేంబ్రిడ్జిలోనే పుట్టిన ఈ చిన్నదానికి మోడల్ ఏ, మోడల్ బీ అని పేర్లు పెట్టడం ఆ పాత యంత్రంమీది గౌరవంతోనే. ఇందులోని ఆర్మ్ ప్రాసెసరుకు తొలిరూపం దిద్దినది కూడా ఆ విల్సన్, ఫర్బర్లే. నా చరవాణిలోనూ అదే వంశం. ఒకటి మా ఇంట్లో, ఒకటి మా ఊరి గ్రంథాలయంలో పెట్టాను. జబ్బులు మారాయి గాని కారణం అదే: కరెంటు హఠాత్తుగా పోతే ఇందులోని చిన్న కార్డుమీది వ్రాత చెడుతుంది. కాబట్టి అరవై దాటుతున్న వయసులో పైథాన్ నేర్చుకొని, రోజూ రాత్రి పిల్లల ప్రోగ్రాములను వేరొక చోటికి నకలు తీసే ఏర్పాటు వ్రాసుకున్నాను. మూడు వారాలు పట్టింది, ఖాళీలు సరిగ్గా వదలకపోతే ఒప్పుకోని భాష అది. ఆటవెలది యతులకంటే కఠినం.

ఉద్దిష్టం మాత్రం ఆరు పంక్తులలో ఒదిగింది. ఉత్పలమాలకు 355799, చంపకమాలకు 711600 వచ్చాయి, ఒకటి కలపడం మరవలేదు. శార్దూలానికి, మత్తేభానికి ఎంత వస్తుందో మిత్రులు వేసి చూడగలరు.