కైజుకా నూలుమిల్లు జట్టు

1964వ సంవత్సరము అక్టోబరు 23వ తేదీని టోక్యో ఒలింపిక్ క్రీడలలో మహిళల వాలీబాల్ ఆఖరి పందెము జరిగినది. టోక్యో ప్రాంతమున టెలివిజన్ గల ఇండ్లలో నూటికి 66.8 వంతున ఆ ఆటను చూచినట్లు లెక్కలు తేల్చినవి. ఒలింపిక్సులో వాలీబాలుకు చోటు దొరకుట అదియే మొదలు. ఆనాడు రష్యను జట్టును 15-11, 15-8, 15-13 తేడాతో ఓడించిన జపాను జట్టు పన్నెండుగురిలో పదిమంది ఒకే నూలుమిల్లు ఉద్యోగినులు. దేశము పేర ఆడినది దాదాపుగా ఒక మిల్లు జట్టే యనుట అతిశయోక్తి కాదు.

ఒసాకా నగరమునకు దక్షిణమున సముద్రతీరమున కైజుకా యను పట్టణము కలదు. అచ్చటి మిల్లు 'నిచిబో' యను పెద్ద నూలు కంపెనీది. 1950ల తొలి సంవత్సరములలో ఆ కంపెనీ ఇచ్చట మహిళల జట్టు నొకదానిని నెలకొల్పి, దైమత్సు హిరోబుమి యను ఉద్యోగిని శిక్షకునిగా నియమించెను. ఈయన యుద్ధకాలమున జపాను సైన్యముతో మన మణిపురమునందలి ఇంఫాలు దండయాత్రలో పాల్గొని, ప్రాణములతో మరలిన కొద్దిమందిలో ఒకడు.

ఆ పడతులు ఉదయము మిల్లు కార్యాలయములో పనిచేసి, సాయంకాలము ఆటశాలకు వచ్చి, అర్ధరాత్రి దాటువరకు సాధన చేసెడివారు. వారు నేర్చిన విద్యలలో ముఖ్యమైన దొకటి గలదు. దూరముగా పడబోవు బంతికై నేలపైకి దుమికి, దానిని లేపి, భుజముమీదుగా దొర్లి, మరుక్షణమే లేచి నిలువవలెను. మన తంజావూరు బొమ్మ పడవేసినకొలది లేచునట్లు. దైమత్సుకు ఈ యూహ వచ్చినది కూడ అట్టి జపాను బొమ్మను చూచియేనట! పొడగరులైన ఐరోపా క్రీడాకారిణుల దెబ్బలకు పొట్టివారు వెదకుకొన్న విరుగుడు ఇది.

1960లో బ్రెజిలునందు జరిగిన ప్రపంచ పోటీలలో జపాను రష్యాకు తలవంచి రెండవ స్థానమున నిలిచెను. 1962లో మాస్కోలోనే రష్యాను గెలిచి ప్రపంచ విజేత యయ్యెను. 'ప్రాచ్య మంత్రగత్తెలు' అను బిరుదు వీరికి విదేశీ పత్రికలు తగిలించినదే. మెచ్చుకోలో, ఎత్తిపొడుపో, మాకు నేటికిని తేలలేదు.

మాస్కో విజయము తరువాత పలువురు ఆట మానదలచిరి. నాయకురాలు కసాయి మసాయె పెండ్లి యాడదలచి యుండెను. కాని ఒలింపిక్సు వరకు ఉండవలెనని దేశమంతట నుండి ఉత్తరములు వచ్చిపడినవి. ఆమె నిలిచెను, గెలుచునాటికి ఆమెకు 31 ఏండ్లు. ప్రధాని సాటో స్వయముగా సంబంధము కుదుర్చగా 1965లో ఆమె వివాహము జరిగెను. ప్రజల కోర్కెకై వాయిదా పడిన పెండ్లికి ప్రధానియే పెద్దరికము వహించుట మాకు సబబుగనే తోచినది.

అంత కఠినమైన సాధన క్రూరత్వమేయని కొందరు, దీక్షయని కొందరు వాదించిరి. 2021లో వెలువడిన ఫ్రెంచి చిత్రమొకదానిలో ఆ క్రీడాకారిణులు వృద్ధాప్యమున తమ కథను తామే చెప్పుకొనిరి. పడిన పాట్లను దాచలేదు. దైమత్సును ద్వేషింపను లేదు. ఎవరి తరఫున మనము జాలిపడవలెనో వారిని ముందుగ అడిగి తెలిసికొనుట మేలు.

1966లో యషికా జట్టు చేతిలో ఓడువరకు కైజుకా జట్టు వరుసగా 258 పందెములు గెలిచినది. 1969లో నిచిబో మరియొక కంపెనీతో కలిసి 'యునిటికా' అయినప్పుడు జట్టును ఆ పేరనే సాగినది. 2000లో యునిటికా జట్టును వదలుకొనగా, కృత్రిమ నూలు తయారుచేయు టోరే కంపెనీ దానిని చేపట్టి, షిగా మండలమునకు తరలించెను. ఆ 'టోరే ఆరోస్' జట్టు 2007-08 నుండి వరుసగా మూడు మారులు జపాను లీగు గెలిచినది. 2024లో కొత్త లీగు ఏర్పడినప్పుడు ఊరి పేరును జోడించుకొని 'టోరే ఆరోస్ షిగా' అయినది. కంపెనీ పేరు మాత్రము ముందే నిలిచి యున్నది.