ఉప్పులో కలిపిన మందు

ఆగస్టు 20 దగ్గర పడగానే పత్రికలకు బేగంపేటలోని రోనాల్డ్ రాస్ భవనం గుర్తొస్తుంది. 1897లో ఆయన దోమ కడుపులో మలేరియా క్రిమిని చూసింది అక్కడే. ఆ సంగతి ఏటా అందరూ రాసేదే. ఆ క్రిమి మన మందులకు లొంగకుండా ఎలా తయారైందన్నది వేరే కథ.

మొదటి మూడు శతాబ్దాలూ గబగబా దాటేద్దాం. 17వ శతాబ్దంలో పెరూ నుంచి సింకోనా బెరడు ఐరోపా చేరింది. 1820లో దాన్నుంచి క్వినైన్ తీశారు. 1934లో జర్మనీలో క్లోరోక్విన్ పుట్టింది. రెండో ప్రపంచయుద్ధం తర్వాత అదే చవకైన సంజీవని.

నాకిష్టమైన ఘట్టం ఇక్కడ మొదలవుతుంది. అడవుల్లో గుడిసె గుడిసెకూ తిరిగి మాత్రలు మింగించడం ఎవరి తరం? ఉప్పు లేని వంట ఉండదు కదా, మందు అందులోనే కలిపేస్తే సరి! 1950లలో బ్రెజిల్ మలేరియా అధికారి మారియో పినోటికి తట్టిన ఊహ ఇది. ఎంత ముచ్చటగా ఉందో! బ్రిటిష్ గయానాలో 1961లో పంపిణీ మొదలైంది. కంబోడియాలో కెంపుల గనులున్న పైలిన్‌కూ మందు ఉప్పు చేరింది.

కానీ ఉప్పు డాక్టరు చీటీ చూసి నోట్లోకి పోదు. గనిలో చెమటోడ్చినవాడు ఎక్కువ తింటాడు, జ్వరం పడ్డ పసివాడు చిటికెడు కూడా తినడు. ఒంట్లో మందు ఉంటుంది, చాలినంత ఉండదు. రోగి నెత్తుట్లో కోట్ల క్రిములు పెరుగుతుంటే, జన్యువుల నకలులో ఎక్కడో ఒక పొరపాటు దొర్లుతుంది. ఆ పొరపాటుతో పుట్టిన ఒక్క క్రిమి క్లోరోక్విన్‌ను తన జీర్ణకోశం నుంచి బయటికి తోసేయగలుగుతుంది. చాలీచాలని మందు మిగతావాటిని చంపి దానికి చోటు ఖాళీ చేసిపెడుతుంది. దోమ దాన్నే పక్క మనిషికి మోసుకుపోతుంది. గయానాలో కొద్ది ఏళ్లకే మందు పనిచేయని రోగులు కనిపించారు. పినోటి ఉప్పునొక్కదాన్నే బోనెక్కించడం అన్యాయం లెండి. థాయ్-కంబోడియా సరిహద్దులో 1950ల చివరికే మొండి క్రిములు బయల్దేరాయి.

ఆ మొండి క్రిములు 1973లో అస్సాంలో, ఆ దశాబ్దం చివరికి తూర్పు ఆఫ్రికాలో బయటపడ్డాయి. చైనాలో తు యూయూ బృందం ఆర్టెమిసినిన్ అనే కొత్త మలేరియా మందు తీసింది, 2015లో ఆమెకు నోబెల్ వచ్చింది. ఈలోగా ఆ మందు కూడా నెమ్మదించిందని 2009లో తేలింది, అదీ మళ్లీ పైలిన్‌లోనే. ఇంతవరకూ కథకు ఒక వరస ఉంది. తర్వాత చిక్కుముడే. 1993లో మలావీ క్లోరోక్విన్ మానేస్తే, పదేళ్లలోపే ఆ మందుకు లొంగే క్రిములు మళ్లీ రాజ్యమేలాయి. మొండివి మాయమైనట్టే. అది చూసి సంబరపడదామంటే 2020లో రువాండా నుంచి కబురొచ్చింది. ఆర్టెమిసినిన్‌ను తట్టుకునే మార్పు అక్కడి క్రిముల్లోనూ కనిపించింది. ఈసారి అది ఆసియా నుంచి వలస వచ్చింది కాదు, అక్కడే పుట్టింది.