రుద్రమ చివరి యుద్ధం నవలల్లో లేదు

పెళ్లి పందిట్లో మేళాలు మోగుతుండగానే గజదొంగ గోన గన్నారెడ్డి వచ్చిపడి పెళ్లికొడుకును ఎత్తుకుపోతాడు. అడివి బాపిరాజు ‘గోన గన్నారెడ్డి’ చదివినవాళ్లెవరూ ఆ ఘట్టాన్ని మరచిపోరు. పందిట్లో మిగిలిపోయిన పెళ్లికూతురు అన్నాంబిక తర్వాత కాకతీయుల రాజధాని ఓరుగల్లు చేరి రుద్రమదేవికి ఆప్తురాలవుతుంది. ఆడది సింహాసనమెక్కడమేమిటని సామంతులు కత్తులు నూరుతుంటే ఆ ఇద్దరు యువతులూ ఒకరికొకరు అండగా నిలబడతారు. 1940లలో హైదరాబాదులో ‘మీజాన్’ పత్రికకు సంపాదకుడిగా పనిచేసిన బాపిరాజు చిత్రకారుడు కూడా. అందుకే ఆ నవలలో కోటలు, గుర్రాలు, నగలు, యుద్ధవ్యూహాలు కళ్లకు కడతాయి.

తర్వాత కొద్దికాలానికే రేపల్లె న్యాయవాది నోరి నరసింహశాస్త్రి ‘రుద్రమదేవి’ రాశారు. కవిత్రయం కాలాలను నవలలుగా మలచాలన్నది ఆయన సంకల్పం. అందులో తిక్కన కాలానికి రుద్రమ దొరికింది. రెండు నవలల్లోనూ ఆమె యువతే. ప్రమాదమంతా పట్టాభిషేకం చుట్టూనే. ఆ గండం గట్టెక్కితే కథ కంచికి వెళ్లినట్టే.

ఇంతకీ ఆ గండం ఎక్కడిది? హరిహరదేవుడు, మురారిదేవుడు అనే సవతి సోదరులు తిరగబడి ఓరుగల్లు కోటను పట్టుకున్నారని, రుద్రమ వాళ్లను మట్టుబెట్టిందని చెప్పేది ఏకామ్రనాథుడి ‘ప్రతాపరుద్ర చరిత్ర’. అది కాకతీయ రాజ్యం కూలిపోయాక చాలాకాలానికి పుట్టిన గ్రంథం. ఆనాటి శాసనాల్లో ఆ సోదరుల ఊసు లేదు కాబట్టి చరిత్రకారులు ఆ కథను అనుమానంగానే చూస్తారు. నవలాకారులకు మాత్రం అది పెన్నిధి. దాన్ని వాడుకున్నందుకు వాళ్లను తప్పుపట్టలేం.

శత్రువు మాత్రం నిజంగానే ఉన్నాడు. దేవగిరి యాదవరాజు మహాదేవుడు రుద్రమ మీదికి దండెత్తాడు. ఆయన కొలువులోని హేమాద్రి రాసినదాని ప్రకారం మహాదేవుడు తెలుగురాజు ఏనుగులను, వాద్యాలను లాక్కుని, ఆడదాన్ని చంపకూడదు గనుక రుద్రమను విడిచిపెట్టాడు. ఏకామ్రనాథుడు చెప్పేది దీనికి పూర్తిగా తలకిందులు. రుద్రమే మహాదేవుణ్ని దేవగిరి దాకా తరిమి, కోటి బంగారు నాణేలు కప్పంగా పుచ్చుకుందట. బీదరు కోటలో దొరికిన ఒక శాసనం ఆమె సేనాని సింద భైరవుడిది. కాకతీయ సేన అంతదూరం వెళ్లిందనడానికి అది సాక్ష్యం. ఓడిన రాజు ‘పోనీలే, ఆడదని వదిలేశాను’ అని రాయించుకోవడం నాకైతే మహాదేవుడి ఓటమికి మరో రుజువులా కనిపిస్తుంది.

బాపిరాజు నవల ప్రాణమంతా రుద్రమదే అయినా పేరు గన్నారెడ్డిది. పైకి దొంగగా తిరుగుతూ లోపల రాణికి కాపు కాసే వీరుడు అతను. గోన గన్నారెడ్డి చారిత్రక పురుషుడే. 1294 నాటి రాయచూరు కోట శాసనంలో ఆయన పేరుంది. ఆయన మంత్రి విఠలుడు ఆదవాని, తుంబళం కోటలు గెలిచి, రాయచూరులో కోట కట్టించాడు. ఆ తెలుగు శాసనం చెక్కిన రాతిపలక చాలా పెద్దది. దాన్ని బండి మీద లాక్కొచ్చిన దృశ్యాన్ని కూడా ఆ గోడమీదే చెక్కారు. అప్పటికి రాజు ప్రతాపరుద్రుడు. రుద్రమ లేదు. 2015లో గుణశేఖర్ తీసిన సినిమాకు ఆమె పేరే పెట్టారు. గన్నారెడ్డి పాత్ర మాత్రం అందులోనూ దాదాపు అంత వెలుగుతోనే ఉంది.

రుద్రమ ఆశయమేమిటో తెలియాలంటే మల్కాపురం వెళ్లాలి. అమరావతి ప్రాంతంలో, మందడం పక్కనే ఉంటుంది ఆ ఊరు. అక్కడి 1261 నాటి శాసనంలో తండ్రి గణపతిదేవుడు తన గురువు విశ్వేశ్వర శివాచార్యులకు ఇస్తానన్న మందడంతోపాటు వెలగపూడిని కూడా చేర్చి రుద్రమ దానమిచ్చినట్టుంది. ఆ ఆదాయంతో గుడి, మఠం, అన్నసత్రం, విద్యాలయం నడిచాయి. వైద్యశాలతోపాటు ప్రత్యేకంగా ప్రసూతిశాలా ఉంది. ఏడున్నర శతాబ్దాల కిందట ఒక స్త్రీ చేతి మీదుగా వెళ్లిన దానంలో పురిటి మంచాలకు వాటా ఉంది. ఈ సంగతి ఏ యుద్ధఘట్టానికీ తీసిపోదు. నవలల్లో దీనికి ఇంకా చాలా చోటు ఉండాల్సింది.

అసలు ప్రమాదం ఆమె ముసలితనంలో వచ్చింది. కాయస్థులు కాకతీయుల నమ్మినబంట్లు. గణపతిదేవుడు గంగయసాహిణిని చేరదీసి దక్షిణాన పెద్ద ప్రాంతాన్ని అప్పగించాడు. ఆ వంశంలోని అంబదేవుడు రుద్రమ కాలంలో ఎదురుతిరిగాడు. త్రిపురాంతకంలో 1290 నాటి ఆయన శాసనం విజయాలను వరసగా ఏకరువు పెడుతుంది. 75 మంది నాయకులను యుద్ధంలో మట్టుపెట్టానంటాడు. కులీనుల మీద ఆధారపడకుండా, సామర్థ్యం చూసి నాయకులను పైకి తెచ్చి భూములిచ్చే నాయంకర పద్ధతికి రుద్రమ కాలంలోనే పునాది పడిందని చరిత్రకారుల మాట. అంబదేవుడు నరికానన్నది అలాంటి మనుషులనే అయి ఉండాలి. తన ఏలిక రుద్రమ పేరును మాత్రం ఆ శాసనంలో ఎత్తలేదు.

నల్లగొండ జిల్లా నకిరేకల్ దగ్గరి చందుపట్లలో మరో శాసనముంది. 1289 నవంబరు 27న పువ్వుల ముమ్మడి అనే సేవకుడు సోమనాథ దేవుడికి కొంత భూమి ఇచ్చాడు. రుద్రమదేవికీ, ఆమె సేనాని మల్లికార్జున నాయకుడికీ శివలోకం ప్రాప్తించాలని ఆ దానం. రాణి, సేనాని ఒకేసారి ఎందుకు పోయారు? శాసనం కారణం చెప్పదు. అంబదేవుడితో జరిగిన పోరులోనే ఇద్దరూ నేలకొరిగారన్నది పి.వి. పరబ్రహ్మశాస్త్రి నిర్ధారణ. అంతకుముందు ఆమె 1295 దాకా ఏలిందనే పుస్తకాలు రాశాయి. 1952లో కన్నుమూసిన బాపిరాజుకు ఈ సంగతి తెలిసే అవకాశమే లేదు. తెలిసి ఉంటే ఆయన ఆ యుద్ధాన్ని ఎలా రాసి ఉండేవారో అన్న ఊహ నన్ను వదలదు.

ఆ యుద్ధం మీద నవలకు ఇప్పుడు కావలసిన సరుకంతా ఉంది. మనవడు ప్రతాపరుద్రుడు రాజ్యభారం మోయగల వయసుకొచ్చాడు. కూతురు ముమ్మడమ్మ కొడుకును తానే దత్తత తీసుకుని వారసుణ్ని చేసింది. ఇంట్లో కూర్చుని మనవడి పట్టాభిషేకం చూడగలిగిన వయసులో, తన అన్నం తిన్న సామంతుడి మీదికి సేనానిని వెంటబెట్టుకుని బయల్దేరింది. ఆ ప్రయాణంలో ఆమె పక్కన గన్నారెడ్డి ఉండాల్సిన పనిలేదు. మల్లికార్జున నాయకుడున్నాడు, వెనక నడిచే పువ్వుల ముమ్మడి ఉన్నాడు. 1291కల్లా త్రిపురాంతకం మళ్లీ కాకతీయుల చేతికి వచ్చింది. మనవడు పగ తీర్చుకున్నాడు. ఈ కథను పట్టాభిషేకం దగ్గర కాకుండా అంబదేవుడి తిరుగుబాటు దగ్గర మొదలుపెట్టే తెలుగు రచయిత్రి కోసం నేను ఎదురుచూస్తున్నాను.