పండుగ పైసలు, తీర్మానం బుక్కు



ప్రతి ఏడాది ఈ నివేదికలో మన పొదుపు ఎంత, అప్పు ఎంత, వాపసు ఎంత అని రాసుకుంటం. ఈసారి మా గ్రామ సంఘం తరఫున కొంచెం చరిత్ర రాస్తున్నం. రాష్ట్రం పుట్టినరోజు పండుగకు పైసలు వచ్చినప్పుడు అవి ఏ లెక్కన వస్తయి, ఊరికి పనికొచ్చే పని ఎట్ల మంజూరు అయితది, మేము ఎక్కడ వెనుకబడ్డం అనేదే ఈ చరిత్ర. మా తప్పు కూడా దాచకుండ రాస్తున్నం. ఇంకో సంఘం అదే తప్పు చేయొద్దని.

21 దినాల పండుగ

2014 జూన్ 2న మన తెలంగాణ వచ్చింది. 2023 జూన్ 2 నాటికి తొమ్మిదేండ్లు నిండి పదో ఏడు మొదలైంది. అప్పటి ప్రభుత్వం జూన్ 2 నుంచి 22 వరకు 21 దినాలు దశాబ్ది ఉత్సవాలు జరిపింది. రోజుకో పేరు పెట్టిన్రు. 3న రైతు దినోత్సవం, 8న ఊరూరా చెరువుల పండుగ, 13న మహిళా సంక్షేమ దినోత్సవం, 15న పల్లె ప్రగతి, 16న పట్టణ ప్రగతి, 18న మంచినీళ్ల పండుగ, 19న హరితోత్సవం, 20న విద్యా దినోత్సవం, చివరి రోజు అమరుల సంస్మరణ. మనలో చాలామందిమి ఒక్క చీర మీద నాలుగు ప్రోగ్రాములకు పోయినం. చెరువు కట్ట మీద బతుకమ్మ ఆడినం. ఆ సంతోషం సంతోషమే, దాన్ని తక్కువ చేసి చెప్పడం లేదు.

ఈ ఉత్సవాలకు జిల్లా కలెక్టర్లకు 105 కోట్ల రూపాయలు విడుదల చేయాలని ప్రభుత్వం నిర్ణయించింది. వినడానికి పెద్ద మొత్తమే. మన అప్పుల పుస్తకంలో లెక్క వేసినట్టు వేసి చూసినం. 33 జిల్లాలు. సరాసరి చూస్తే జిల్లాకు సుమారు 3 కోట్ల 18 లక్షలు. దాన్ని 21 దినాలకు పంచితే రోజుకు సుమారు 15 లక్షలు. అది జిల్లాలోని అన్ని మండలాలు, ఊర్లు, పట్టణాలు కలిపి. ఊరి లెక్కకు వచ్చేసరికి టెంటు, మైకు, కుర్చీలు, భోజనాల ఖర్చు అంత. ఇవి పండుగ నడపడానికి ఇచ్చిన పైసలు, కట్టడాలకు ఇచ్చినవి కావు.

అదే ఉత్సవాల చివరి రోజు, జూన్ 22న, పటాన్‌చెరులో సూపర్ స్పెషాలిటీ ఆసుపత్రికి శంకుస్థాపన జరిగింది. అదే రోజు కొల్లూరులో డబుల్ బెడ్రూం ఇండ్లు ప్రారంభించిన్రు. అవి పండుగ పైసలతో అయ్యే పనులు కావు. అసొంటి పనికి ముందు అంచనా తయారు కావాలి, పరిపాలనా మంజూరు రావాలి, ఇంజనీరు సాంకేతిక మంజూరు ఇవ్వాలి, టెండరు పిలవాలి. పండుగ దినం శిలాఫలకం మీద తారీఖు మాత్రమే. పని పుట్టింది అంతకు ముందే, ఫైలులో.

ఈ రెండు రకాల పైసలకు తేడా మాకు అప్పుడు తెల్వదు.

మేము ఏం పోగొట్టుకున్నం

మా ఊరు కంపెనీల మధ్యల ఉంటది. సగం ఇండ్లు కిరాయి రూములే. పొద్దున 6 గంటల షిఫ్టుకు ఆడవాళ్లు పోతరు. అంగన్‌వాడీ తెరిచే టైముకు ముందే షిఫ్టు మొదలైతది. మూడేండ్ల పిల్లను ఆరేండ్ల అక్కకు అప్పజెప్పి పోతరు. రూము ముందు నుంచే టిప్పర్లు తిరుగుతయి. మా సంఘం మీటింగుల ఈ మాట రాని నెల లేదు. ఫ్యాక్టరీల చట్టం 1948లో, 30 మందికి మించి ఆడవాళ్లు పనిచేసే చోట పిల్లల గది ఉండాలని 1976 సవరణతో రాసిన్రు. కానీ మా దగ్గర చిన్న యూనిట్లు, ఒక్కోదాంట్ల పదిమంది, పన్నెండు మంది. ఆ లెక్కలోకి రారు.

ఉత్సవాల నెలలో ఒక కంపెనీ తరఫున ఒక సారు వచ్చిండు. "పదేండ్ల పండుగకు మీ ఊరికి ఏమన్న చేద్దామనుకుంటున్నం, ఏం కావాలమ్మా?" అని అడిగిండు. ఒకరు బోరు అన్నరు. ఒకరు సీసీ రోడ్డు అన్నరు. ఒకరు కమ్యూనిటీ హాలు అన్నరు. వెనుక కూర్చున్న ఒక అక్క "పిల్లలకు ఒక రూము సారూ" అన్నది. ఆయన ఆ మాట పట్టుకున్నడు. "మంచిదే. మీ తీర్మానం ఉన్నదా? జాగ ఎవరి పేరు మీద ఉన్నది? కట్టినంక ఎవరు నడిపిస్తరు?" అన్నడు.

మేము ఒకరి మొఖం ఒకరం చూసుకున్నం. ఏండ్ల సంది మాట్లాడిన మాట, ఒక్కసారి కూడా తీర్మానం బుక్కుల రాయలేదు.

ఆ ఏడాది తెలంగాణ రన్‌కు టోపీలు, నీళ్ల సీసాలు వచ్చినయి. రూము రాలేదు.

ఈ పద్ధతులు కొత్తవి కావు

తరువాత పెద్దవాళ్లను, ఆఫీసుల్లో తెలిసినవాళ్లను అడిగినం, కాయితాలు చదివినం. ఊరి పనికి పైసలు ఇచ్చే పద్ధతికి మన దగ్గరనే పాత చరిత్ర ఉన్నది.

1997 జనవరి 1న ఉమ్మడి రాష్ట్రంలో జన్మభూమి మొదలైంది. అప్పుడు మాలో చాలామందిమి బడికి పోయే పిల్లలం. శ్రమదానంలో పెద్దలు తట్టలు మోసింది యాదికి ఉన్నది. గ్రామసభ పెట్టాలి, ఊరికి ఏం కావాల్నో ఊరే చెప్పాలి, ప్రజలు తమ వాటా పైసల రూపంలోనో కష్టం రూపంలోనో పెట్టాలి. వాటా పెట్టిన పనిని ఊరు కొంచెం ఎక్కువ కాపాడుకుంటది. కానీ బీద వాడకట్టు వాటా ఎక్కడి నుంచి తెస్తది అనే ప్రశ్న కూడా అప్పటిదే.

తెలంగాణ వచ్చినంక 2018లో కొత్త పంచాయతీరాజ్ చట్టం వచ్చింది. రెండు నెలలకు ఒకసారి గ్రామసభ జరగాలి. చెక్కు మీద సర్పంచ్, ఉపసర్పంచ్ ఇద్దరి సంతకం ఉండాలి. మన సంఘంలో కూడా ఒక్కరి సంతకంతో బ్యాంకుల పైసలు తీయలేం కదా, అదే నీతి.

దేశానికి స్వాతంత్య్రం వచ్చి 75 ఏండ్లు అయిన పండుగకు, 2022 ఏప్రిల్ 24న అమృత్ సరోవర్ ప్రకటించిన్రు. జిల్లాకు 75 చెరువులు. ఒక్కొక్కటి ఎకరానికి తక్కువ కావొద్దు, సుమారు 10 వేల ఘనపు మీటర్ల నీళ్లు, అంటే కోటి లీటర్లు పట్టాలి. దీనికి వేరే నిధి ఇయ్యలేదు. ఉపాధి హామీ, ఆర్థిక సంఘం నిధులు, ఉన్న పథకాల పైసలే కలిపి చేయాలన్నరు. ఆ నీళ్లు వాడుకునే గ్రూపు ఏదో గుర్తించాలన్నరు. పైసలు కొత్తగా రాకున్నా కొలత ముందే చెప్పిన్రు కాబట్టి, పండుగ పోయినంక ఊరోళ్లు టేపు పట్టుకొని కొలిచి అడగొచ్చు. 21 దినాల ఉత్సవానికి తారీఖులు ఉన్నయి, ఇసొంటి కొలత లేదు.

వేరే దేశం ముచ్చట ఒకటి. కెనడా దేశం 1967లో నూరేండ్ల పండుగ చేసుకున్నది. ఊర్లకు ఇచ్చే గ్రాంటుకు లెక్క పెట్టిన్రు. మనిషికి ఒక డాలరు చొప్పున కేంద్రం ఇస్తది, రాష్ట్రం తన వాటా, ఊరు తన వాటా పెట్టాలి. పండుగ అయినంక కూడా నిలిచి ఉండే పని కావాలి. గ్రంథాలయాలు, హాళ్లు, పార్కులు కట్టుకున్నరు. సెయింట్ పాల్ అనే చిన్న ఊరు మాత్రం, ఆకాశం నుంచి ఎగిరే పళ్లాలు వస్తే దిగడానికని ఒక గద్దె కట్టింది. మేము చదివి బాగా నవ్వుకున్నం. నవ్వినంక ఒక అక్క అన్నది, "వాళ్లకు గద్దె అన్న ఉన్నది, మనకు టోపీలే ఉన్నయి."

కంపెనీ పైసలకు కూడా చట్టం ఉన్నది

మన బెల్టులో ఇది అందరికి తెలవాలి. కంపెనీల చట్టం 2013, 135వ సెక్షన్ ప్రకారం ఒక హద్దు దాటిన కంపెనీలు సమాజ పనులకు ఖర్చు పెట్టాలి. నికర విలువ 500 కోట్లు, లేదా టర్నోవర్ 1000 కోట్లు, లేదా నికర లాభం 5 కోట్లు, వీటిలో ఏ ఒక్కటి ఉన్నా సరే. గడిచిన మూడేండ్ల సగటు లాభంలో 2 శాతం పెట్టాలి. దీన్నే సీఎస్ఆర్ అంటరు. అంటే ప్రతి షెడ్డుకు ఈ చట్టం వర్తించదు, పెద్ద కంపెనీలకే.

2021 జనవరిలో ఈ రూల్స్ మార్చిన్రు. సీఎస్ఆర్ పైసలతో కట్టిన ఆస్తి కంపెనీ పేరు మీద ఉండొద్దు. రిజిస్టర్ అయిన సేవా సంస్థ పేరు మీదనో, ప్రభుత్వ సంస్థ పేరు మీదనో, లేదంటే లబ్ధిదారుల స్వయం సహాయక సంఘాల పేరు మీదనో ఉండొచ్చు. అక్కలారా, ఈ వాక్యం రెండుసార్లు చదవండి. మన సంఘాల పేరు చట్టంలనే ఉన్నది. ఆ రోజు సారు "ఎవరు నడిపిస్తరు" అని అడిగింది మమ్ముల తక్కువ చేయడానికి కాదు. ఆయన ఫైలుకు ఆ జవాబు కావాలి.

తరువాత ఏం చేసినం

2024లో ప్రభుత్వ బడుల కోసం అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలు వేసిన్రు. గ్రామ సంఘం అధ్యక్షురాలే చైర్‌పర్సన్, హెడ్ మాస్టర్ కన్వీనర్. నీళ్లు, బాత్రూములు, కరెంటు, చిన్న చిన్న మరమ్మతులు జూన్ 12న బడి తెరిచేలోపు కావాలన్నరు. మొదటిసారి అంచనా కాయితం, బిల్లులు, కొలతల పుస్తకం మా చేతిలోకి వచ్చినయి. భయపడ్డం. కానీ వారం వారం మీటింగు, పొదుపు, అంతర్గత అప్పు, టైముకు వాపసు, పుస్తకాలు రాసుడు, ఈ పంచసూత్రాలు పాటించే ఆడదానికి బిల్లు చూసుడు పెద్ద విద్య కాదని తెలిసింది.

ఆ ధైర్యంతోని పిల్లల రూము పని మళ్లా పట్టినం. ముందు ఇంటింటికి తిరిగి ఐదేండ్ల లోపు పిల్లల పేర్లు, తల్లుల షిఫ్టు టైములు రాసినం. గ్రామసభల మాట్లాడేది ఊరి ఓటరు. కిరాయి రూముల తల్లులకు ఓటు ఒడిశాలనో, బీహార్‌లనో, పక్క జిల్లాలనో ఉంటది. వాళ్ల పిల్లల మాట మనం చెప్పకుంటే సభల ఎవరు చెప్తరు? గ్రామ సంఘంలో తీర్మానం రాసినం, సంతకాలు పెట్టినం. దాని నకలు గ్రామసభలో ఇచ్చి, పంచాయతీ తీర్మానం తీసుకున్నం. కొత్త జాగ అడగలేదు. పంచాయతీది పాత గది ఒకటి సామాను నింపి ఖాళీగా ఉన్నది. అది అడిగినం. ఇంజనీరుతో మరమ్మతు అంచనా రాయించినం. నెలకు ఖర్చు ఎంత, తల్లులు ఎంత ఇస్తరు, ఎవరు చూసుకుంటరు, తాళం ఎవరి దగ్గర అనేది ఒక పేజీల రాసినం. ఆ ఫైలు పట్టుకొని ఒక కంపెనీకి పోయినం. ఈసారి వాళ్లు అడిగిన ప్రతి ప్రశ్నకు ఒక కాయితం తీసి ఇచ్చినం.

పైకప్పు, బాత్రూము, గ్రిల్లు అయినయి. ఏ ఉత్సవం లేదు, ఒక సోమవారం పొద్దున 5:30కు తాళం తీసినం. సంఘం నుంచి ఇద్దరు అక్కలు చూసుకుంటున్నరు. ఇంకా ప్రహరీ గోడ లేదు, వానకాలం ఒక మూల కురుస్తది. అది కూడా బుక్కుల రాసినం.

మిగతా సంఘాలకు మా మాట

పండుగ రాకముందే ఈ ఆరు మాటలు తీర్మానం బుక్కుల రాసి పెట్టుకోండి.

1. పని ఏంది? ఒక్కటే రాయండి. నాలుగు అడిగితే ఒక్కటి కూడా కాదు.
2. ఎవరికి, ఎంతమందికి? పేర్లతో జాబితా ఉండాలి.
3. జాగ లేదా గది ఎవరిది? పంచాయతీదైతే పంచాయతీ తీర్మానం కావాలి. పటాన్‌చెరు టౌన్ 2007లో జీహెచ్ఎంసీలో కలిసింది, అక్కడ గ్రామసభ ఉండదు. టౌన్ అక్కలు తమ సమాఖ్య ద్వారా వార్డు దగ్గర అడగాలి.
4. అంచనా ఎంత? ఇంజనీరు సంతకం ఉన్నదే చెల్లుతది.
5. పైసలు ఎక్కడియి, మన వాటా ఎంత? వాటా కష్టం రూపంలోనైనా సరే, రాయండి.
6. కట్టినంక ఎవరు నడిపిస్తరు, రిపేరు ఎవరు చేయిస్తరు? ఇది రాయని పనికి రెండో ఏడే తాళం పడతది.

పని అయినంక బిల్లులు, ఫోటోలు, ఖర్చు సర్టిఫికెట్టు నకళ్లు సంఘం దగ్గర ఒక సెట్టు ఉంచుకోండి. అధికారులు మారుతరు, లీడర్లు మారుతరు, మనం ఇక్కడనే ఉంటం.

2039 జూన్ 2కు మన రాష్ట్రానికి 25 ఏండ్లు నిండుతయి. అప్పుడు ఇంకా పెద్ద పండుగ చేస్తరు. ఇప్పుడు మా రూములో పండుకున్న పిల్లలు అప్పటికి పెద్దగైతరు. ఆ రోజు ఎవరైనా వచ్చి "మీ ఊరికి ఏం కావాలమ్మా" అని అడిగితే, ఒకరి మొఖం ఒకరం చూసుకోవద్దు. బుక్కు తెరిచి చూపించాలి.

సమాఖ్య సభ్యులకు మా గ్రామ సంఘం తరఫున