చప్పుడు గవాహీ కాదు

అబ్బాకు ఫాలిజ్ వచ్చి మింగడం పోయాక, దవాఖానాలో పొట్ట మీద చిన్న సురాఖ్ చేసి నలీ పెట్టారు. ఏడు నెలలు అమ్మీ అందులోంచే పాలు, జావ, దవా పోసింది. ఒక రాత్రి పక్క మీద దొర్లుతుంటే అది ఊడి వచ్చేసింది. సురాఖ్ గంటల్లోనే పూడుకుపోవచ్చని ముందే చెప్పి ఉన్నారు. ఆటోలో పరుగెత్తాం.

డ్యూటీలో ఉన్నతను అదే దారిలో కొత్త నలీ తోశాడు. కొంచెం గట్టిగానే తోశాడు. సిరంజితో గాలి కొట్టి, స్టెతస్కోపు ఆనించి విని, "చప్పుడొచ్చింది, పాలు పొయ్యండి" అన్నాడు. అమ్మీ ఫ్లాస్కు మూత తీసింది. అప్పుడే వచ్చిన పెద్ద డాక్టరమ్మ "ఆగండమ్మా" అని నలీలోంచి రసం లాగి చూసింది. ఏమీ రాలేదు. ఎక్స్‌రేలో కనపడే మందు పోసి ఫొటో తీయించింది. మందు మెదాలో లేదు. దాని పక్కన, పొట్ట లోపలి ఖాళీలో పరుచుకుని ఉంది. ఆ పాలు పోసి ఉంటే అబ్బా జాన్ మీదికే వచ్చేది.

ఆ రాత్రి తర్వాత నేను ఈ సురాఖ్ తారీఖ్ చదవడం మొదలుపెట్టాను.

మింగలేని మరీజ్‌కు ఎలా తినిపించాలన్న ఫికర్ పాతదే. 1162లో ఇంతకాలం చేసిన ఇబ్న్ జుహ్ర్, అందులుస్‌లోని ఇష్బీలియా హకీం, గొంతులోంచి వెండి నలీ దింపి పాలు పోయడం గురించి రాశాడు. పొట్టకే దారి చేయాలన్న ఆలోచన చాలా ఆలస్యంగా వచ్చింది. 1849లో ఫ్రాన్స్‌లో సెడిల్లో ఆ ఆపరేషన్ చేస్తే మరీజ్ దక్కలేదు. 1876లో పారిస్‌లో వెర్నోయ్ చేతిలో ఒక కుర్రాడు బతికాడు. 1979లో అమెరికాలోని క్లీవ్‌లాండ్‌లో గాడరర్, పాన్‌స్కీ పొట్ట కోయకుండానే ఎండోస్కోపీతో ఒక పసిబిడ్డకు నలీ పెట్టారు. అబ్బాకు పెట్టిందీ ఆ తరీఖానే.

నా మనసులో నిలిచిపోయింది మాత్రం వేరే కిస్సా. 1822లో అమెరికాలోని మాకినాక్ దీవిలో అలెక్సీ సాన్ మార్తాన్ అనే గరీబ్ కూలీకి తుపాకీ దెబ్బ తగిలింది. గాయం మానింది గానీ మెదాలోకి సురాఖ్ మిగిలిపోయింది. బోమాంట్ అనే ఫౌజీ డాక్టరు అందులోకి పట్టు దారానికి కట్టిన మాంసం దింపి, రసం తీసి, ఏళ్ల తరబడి పరీక్షలు చేశాడు. మెదా రసంలో తేజాబ్ ఉందని 1833లో కితాబ్ అచ్చేశాడు. పాపం ఆ కూలీ ఎంత విసిగిపోయాడో, 1880లో అతను చనిపోతే డాక్టర్లు కోయకుండా ఇంటివాళ్లు మయ్యత్‌ను పాడయ్యేదాకా ఆపి, అప్పుడు దఫన్ చేశారు.

నలీ సరైన చోట ఉందని ఈరోజు గవాహీ ఇచ్చేది ఆ తేజాబే. లాగిన రసం కాగితం మీద వేస్తే పీహెచ్ 5.5 గానీ అంతకు తక్కువ గానీ రావాలని చాలా చోట్ల ఖాయిదా. గ్యాస్ గోళీలు వాడేవారిలో తేజాబ్ తగ్గి కాగితం తేల్చలేకపోవచ్చు. రసం రాకపోయినా, షక్ ఉన్నా ఎక్స్‌రే ఫొటోయే ఫైసలా. గాలి చప్పుడు మాత్రం నలీ బయట ఉన్నా వినిపిస్తుంది. ముక్కు నలీల విషయంలో ఆ చప్పుడును నమ్మొద్దని బ్రిటన్‌లో 2005లోనే హుకుం ఇచ్చారు.

మీ ఇంట్లో ఇలాంటి మరీజ్ ఉంటే, నలీ ఊడితే ఇంట్లో తోయకండి, వెంటనే దవాఖానాకు తీసుకెళ్లండి. పెట్టి ఇంకా కొన్ని వారాలే అయితే లోపలి దారి గట్టిపడి ఉండదు, ఖతరా మరీ ఎక్కువ. కొత్తది పెట్టాక పాలు పోసేముందు అదబ్‌గానే ఒక్క మాట అడగండి: "మెదాలోనే ఉందని ఎలా తేల్చారు?"

మర్నాడు ఎండోస్కోపీతో చూసి అబ్బాకు నలీ సరిగ్గా పెట్టారు. ఆ తర్వాత ఆయన మా మధ్య ఇంకో రెండు రమజాన్‌లు చూశారు.